సైన్యం పెట్టిన రేడియో, పక్కింటివాళ్లు విన్న పాట

అనంతపురంలో జర్నలిజం చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "సిలోన్ రేడియో అసలు మిలిటరీ వాళ్లు పెట్టిందని మా జేజినాయన అంటున్నారు. నమ్మవచ్చా? సైన్యం నడిపే రేడియోలు ప్రజలకు ఏమైనా మేలు చేశాయా, లేక అంతా ప్రచారమేనా? మన దేశంలో అలాంటివి ఉన్నాయా? సెమినారుకు రాసుకోవాలి."

మీ జేజినాయన మాట నిజమే అమ్మా. సిలోన్ రేడియో విన్నవాళ్లు మన జిల్లాల్లో ఇంటికొకరు ఉంటారు కానీ, దాని పుట్టుక సంగతి గుర్తుపెట్టుకున్నవాళ్లు అరుదు. ఆయన్ను వదలకండి. ఆయన దగ్గర ఇంకా చాలా ఉండి ఉంటుంది.

ముందు నా సంగతి చెప్పుకోవాలి. సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో 24 ఏళ్లు పనిచేసి, ఇప్పుడు కర్నూలు పాతబస్తీలో ఉంటున్నాను. జబల్‌పూర్‌లో శిక్షణ, తర్వాత బారాముల్లా, ఇంకా చాలా చోట్లు, కొంతకాలం ఐక్యరాజ్యసమితి తరఫున కాంగో. రేడియో నాకు అన్నం పెట్టిన వస్తువు. అయితే మేము నడిపిన రేడియో వేరు. మా సెట్లలో పాటలు రావు, మ్యాపు మీది అంకెలు వస్తాయి. విన్నది పక్కవాడికి చెప్పినా తప్పే. మీరు అడుగుతున్నది దానికి పూర్తిగా తిరగేసిన వ్యవహారం: సైన్యమే మైకు ముందు కూర్చుని, ఎవరు విన్నా అభ్యంతరం లేదని ప్రసారం చేసే రేడియో. దాన్ని నేను నడపలేదు. శ్రోతగా మాత్రం కడుపునిండా విన్నాను. పాత సెట్లు బాగుచేసే పిచ్చి ఉండటంతో దాని చరిత్ర కూడా కొంత ఒంటబట్టింది.

సిలోన్ దగ్గరే మొదలుపెడతాను. రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగా, 1944 ఏప్రిల్‌లో బ్రిటిష్ సేనాని మౌంట్‌బాటన్ తన ఆగ్నేయాసియా కమాండ్ ప్రధాన కార్యాలయాన్ని ఢిల్లీ నుంచి సిలోన్ (నేటి శ్రీలంక)లోని కాండీకి మార్చాడు. బర్మా అడవుల్లో జపాన్ సైన్యంతో పోరాడుతున్నవాళ్లలో మనవాళ్లు, బ్రిటిష్‌వాళ్లు, గూర్ఖాలు, ఆఫ్రికావాళ్లు అందరూ ఉన్నారు. ఇంటి నుంచి ఉత్తరం రావడానికి వారాలు పడుతుంది. పైగా టోక్యో రేడియో వాళ్ల చెవిలో రోజూ జోరీగలా మోగుతోంది: మీ పెళ్లాంబిడ్డలు అక్కడ, మీరు ఇక్కడ ఎవరి కోసం చస్తున్నారు అని. దానికి విరుగుడుగా కొలంబోలో పుట్టింది రేడియో సియాక్. కమాండ్ పేరులోని ఇంగ్లీషు మొదటి అక్షరాలే ఆ పేరు. దానికోసం కొలంబోకు ఉత్తరాన ఏకల అనే చోట 100 కిలోవాట్ల షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ నిలబెట్టారు.

100 కిలోవాట్లంటే ఎంతో ఒక పోలికతో చెబుతాను. మన కడప ఆకాశవాణి మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్‌ది కూడా అంతే శక్తి. అయితే మీడియం వేవ్ పగటిపూట నేలను పట్టుకుని పాకుతుంది, నాలుగు జిల్లాలు దాటేసరికి అలసిపోతుంది. షార్ట్‌వేవ్ అలా కాదు. ఆకాశంలో వందల కిలోమీటర్ల ఎత్తున ఉన్న అయనోస్ఫియర్ అనే పొరకు తగిలి, వంగి, ఎక్కడో వెయ్యి మైళ్ల అవతల దిగుతుంది. అదే శక్తితో ఒక దేశమంతా కప్పవచ్చు. అక్కడ దిగిన పాటను వింటున్నది బర్మాలో సిపాయా, పత్తికొండలో రైతా అన్న తేడా దానికి లేదు.

యుద్ధం ముగిసింది, సైనికులు మెల్లగా ఇళ్లకు వెళ్లిపోయారు. 1949లో ఆ ట్రాన్స్‌మిటర్ సిలోన్ ప్రభుత్వం చేతికి వచ్చింది. అంత చిన్న ద్వీపానికి అంత పెద్ద గొంతు ఎందుకు? ఊరంతా వినిపించే గొంతు ఉన్నవాడు ఏం చేస్తాడో వాళ్లూ అదే చేశారు, అమ్మకానికి పెట్టారు. 1950లో వ్యాపార ప్రసారాలు మొదలయ్యాయి. సరిగ్గా అప్పుడే మన ఢిల్లీ వాళ్లు చేసిన పని కొలంబోకు కలిసొచ్చింది. 1952లో సమాచార ప్రసార శాఖ మంత్రి అయిన కేస్కర్‌కు సినిమా పాటలంటే గిట్టదు. ఆకాశవాణిలో వాటికి చోటు లేకుండా చేశారు. ఆ ఏడాది చివర్లోనే కొలంబో నుంచి అమీన్ సయానీ హిందీ సినిమా పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా మొదలైంది. ఆయన బొంబాయిలో రికార్డు చేస్తే, టేపులు విమానంలో కొలంబోకు వెళ్లి, అక్కడినుంచి ఆకాశమార్గాన మళ్లీ మన ఇళ్లకు వచ్చేవి. ఐదేళ్లు ఇలా గడిచాక, 1957 అక్టోబరు 3న మన ప్రభుత్వం వివిధభారతి మొదలుపెట్టక తప్పలేదు. అంటే ఒక సైనిక కమాండ్ జవాన్ల కోసం పెట్టిన యంత్రం, కొన్నేళ్ల తర్వాత మన దేశ రేడియో విధానాన్నే మార్చింది. ఆ యంత్రం తెచ్చినవాళ్లు ఇది కలలో కూడా అనుకుని ఉండరు.

తెలుగు కూడా వచ్చేది. మీనాక్షి పొన్నుదురై గారి గొంతు తెలియని రేడియో పిచ్చివాడు మా తరంలో లేడు. పత్తికొండ దగ్గర మా ఊళ్లో మా అమ్మ, జేజి, పక్కింటి అత్తలు అరుగు మీద కూర్చుని వేరుశనగ కాయలు ఒలుస్తూ వినేవాళ్లు. బ్యాటరీలు నీరసించితే నేను వాటిని ఎండలో పెట్టి తెచ్చేవాణ్ని, ఇంకో రెండు పాటలకు ప్రాణం వచ్చేది. ఏడాదికి 15 రూపాయలు పోస్టాఫీసులో కట్టి లైసెన్సు పుస్తకంలో ముద్ర వేయించుకునే కాలం అది. సముద్రం అవతల ఎక్కడో కూర్చుని తెలుగు మాట్లాడుతున్న ఆమె మా నంద్యాల వైపు ఆడపడుచేమోనని మా జేజి చాలాకాలం నమ్మింది.

ఇక లోకంలో మిగతా చోట్ల. అసలు సైన్యానికి రేడియో స్టేషన్ ఎందుకు అంటే, సమాధానం పెద్ద రహస్యమేమీ కాదు. యుద్ధంలో కాల్పులు కొంతసేపే, మిగతాదంతా ఎదురుచూడటం. బారాముల్లాలో మంచు పడి దారి మూసుకుపోయినప్పుడు పదిహేను రోజులు అవే ముఖాలు, అవే జోకులు. సిపాయిని శత్రువుకంటే ముందు విసుగు తినేస్తుంది. ఈ సంగతి అమెరికావాళ్లు తొందరగా గ్రహించారు. 1942 మే 26న వాళ్ల సైనిక రేడియో సర్వీసు ఏర్పడింది, 1943 జూలై 4న లండన్ నుంచి ఏఎఫ్‌ఎన్ పేరుతో ప్రసారాలు మొదలయ్యాయి. బ్రిటిష్ సైన్యం కూడా 1943లోనే తన సర్వీసు పెట్టుకుంది. అదే నేటి బీఎఫ్‌బీఎస్, గూర్ఖాల కోసం నేపాలీలో ప్రత్యేకంగా ప్రసారం చేస్తుంది.

జర్మన్లు వీళ్లందరికంటే ముందే ఉన్నారు. 1941లో బెల్‌గ్రేడ్ పట్టుకున్నాక అక్కడి స్టేషన్‌ను తమ సైనికుల కోసం నడిపారు. వాళ్ల దగ్గర రికార్డులు తక్కువ. ఉన్నవాటిలో లాలే ఆండర్సన్ పాడిన లిలీ మార్లీన్ ఒకటి. దాన్ని రాత్రి పదికి ఐదు నిమిషాల ముందు వేయడం అలవాటుగా మారింది. ఆఫ్రికా ఎడారిలో జర్మన్ సిపాయి ఆ పాట కోసం కాచుకునేవాడు, ఎదుటి కందకంలో ఉన్న బ్రిటిష్ సిపాయి కూడా అదే పాట కోసం సెట్టు తిప్పేవాడు. సైనిక రేడియో స్వభావమంతా ఆ పాటలో ఉంది. కంచె వేసి మాట్లాడదామనుకుంటావు, ఆకాశానికి కంచె నిలవదు.

ఏఎఫ్‌ఎన్ వాళ్లు ఇలా చాటునుంచి వినేవాళ్లకు ఒక పేరు పెట్టుకున్నారు, నీడ శ్రోతలు అని. యుద్ధం తర్వాత జర్మనీలో అమెరికా సైనికులకంటే ఆ నీడలే ఎక్కువ. ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర 873 కిలోహెర్ట్జ్ మీద 150 కిలోవాట్లతో మోగిన స్టేషన్ 2013 దాకా నడిచింది. హిట్లర్ కాలంలో జాజ్ సంగీతాన్ని చెడిపోయిన సంగీతమని తరిమేశారు. అక్కడి కుర్రవాళ్లు దాన్ని మళ్లీ విన్నది ఈ సైనిక స్టేషన్లలోనే. టోక్యోలో 810 కిలోహెర్ట్జ్ స్టేషన్ విని ఇంగ్లీషు పట్టుబడిన జపాన్‌వాళ్లు తక్కువమంది కాదు. వీళ్లెవరికోసమూ ఎవరూ కార్యక్రమాలు రాయలేదు. పక్కింట్లో వండుకుంటే వాసన మన ఇంట్లోకి వచ్చినట్టు వచ్చాయి అంతే. బహుశా అందుకే నమ్మారు. నీకోసం చెబుతున్నా విను అని మొదలుపెట్టినవాణ్ని మనం అనుమానిస్తాం. వాడు తనవాళ్లతో మాట్లాడుకుంటుంటే మాత్రం చెవి రిక్కిస్తాం.

మీ సెమినారుకు అన్నిటికంటే పనికొచ్చే ఉదాహరణ హాంబర్గ్ అని నా అభిప్రాయం. 1945 మే 4న, బ్రిటిష్ సైన్యం నగరంలో అడుగుపెట్టిన మర్నాడే, ఇది మిత్రరాజ్యాల సైనిక ప్రభుత్వ రేడియో అని ప్రకటించుకుంటూ స్టేషన్ మోగింది. తిండి రేషను, కర్ఫ్యూ వేళలు, తప్పిపోయిన మనుషుల వివరాలు, ఇలాంటివే కావాలి అప్పుడు జనానికి. ఆ మరుసటి ఏడాది బీబీసీ నుంచి హ్యూ గ్రీన్ వచ్చాడు. జర్మన్ విలేకరులకు శిక్షణ ఇచ్చి, స్టేషన్ మీద ఏ ప్రభుత్వానికీ పెత్తనం లేకుండా చట్టం చేయించి, 1948 నవంబరులో అడాల్ఫ్ గ్రిమ్మె అనే జర్మన్ చేతికి తాళాలిచ్చాడు. మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్‌లలో అమెరికా సైన్యం నడిపిన స్టేషన్లూ ఆ తర్వాత అలాగే జర్మన్ల చేతికి వెళ్లాయి. తమదికాని దేశంలో సైన్యం పెట్టి, పెంచి, చేతులు దులుపుకుని వెళ్లిపోయిన రేడియోలు ఇవి. పెట్టడం ఏ సైన్యానికైనా వస్తుంది. వదలడం అందరికీ రాదు.

బెర్లిన్ సంగతి కూడా ఒక్క ముక్క. అమెరికా సైనిక ప్రభుత్వం 1946 ఫిబ్రవరిలో పెట్టిన స్టేషన్‌కు మొదట్లో ట్రాన్స్‌మిటరే లేదు, టెలిఫోను తీగల మీద ప్రసారం చేశారు. 1948లో సోవియట్ దిగ్బంధంతో నగరానికి కరెంటు కరవైనప్పుడు ఇళ్లలో సెట్లు మూగబోయాయి. అప్పుడు ఆ స్టేషన్‌వాళ్లు వ్యాన్ల మీద మైకులు కట్టుకుని వీధివీధికీ తిరిగి వార్తలు చదివారు. మన ఎన్నికల ఆటోలను గుర్తు చేసుకోండి. వాటిలో వార్తలు చదివితే ఎలా ఉంటుందో, అది.

ఇప్పుడు రెండో వైపు. ప్రచారమేనా అని అడిగారు కదా. ప్రచారంకంటే ఘోరమైనది కూడా ఉంది. 1943లో జర్మన్ సైనికులకు ఒక కొత్త స్టేషన్ దొరికింది, పేరు 'సైనిక రేడియో కలే', కలే అంటే ఫ్రాన్స్‌లో ఒక రేవు పట్టణం. మంచి సంగీతం, ఫుట్‌బాల్ ఫలితాలు, సిపాయి యాసలో కబుర్లు. నడిపింది జర్మన్ సైన్యం కాదు, ఇంగ్లండ్‌లో కూర్చున్న సెఫ్టన్ డెల్మర్ బృందం. 600 కిలోవాట్ల రాకాసి ట్రాన్స్‌మిటర్ వాళ్లది. తొంభై పాళ్లు నిజం చెప్పి, పది పాళ్లు విషం కలిపేవాళ్లు. వృత్తిరీత్యా ఆ పనితనం చూసి నాకు ముచ్చటేస్తుంది, శ్రోతగా ఆలోచిస్తే ఒళ్లు జలదరిస్తుంది. నిజం చెబుతోంది కాబట్టి నమ్మవచ్చు అనే సూత్రం సైనిక రేడియో దగ్గర పనిచేయదని అక్కడ తెలుస్తుంది. ఎవరు మాట్లాడుతున్నారో వాళ్లు తమ పేరు చెప్పుకుని మాట్లాడుతున్నారా, తమకే ఇబ్బంది కలిగించే వార్తను ఎప్పుడైనా చదివారా, నేను చూసేది ఈ రెండే.

ఆ రెండో పరీక్షకు నిలబడిన విచిత్రమైన ఉదాహరణ ఇజ్రాయెల్ సైనిక రేడియో. 1950 సెప్టెంబరులో మొదలైంది. పద్దెనిమిదేళ్లకు సైన్యంలో చేరక తప్పని కుర్రవాళ్లు అక్కడ యూనిఫాంలోనే విలేకరులవుతారు, ఆ దేశంలో పేరున్న పాత్రికేయులెందరో అలా తయారైనవాళ్లే. సైన్యం జీతమిస్తుంది, ఆ స్టేషనేమో సైన్యాన్నీ మంత్రులనూ నిలదీస్తుంది. ఇది ఎంతకాలం సాగుతుందని అందరూ అనుకుంటూనే ఉన్నారు. 2025 నవంబరులో ఆ దేశ రక్షణమంత్రి దాన్ని మూసేస్తామని ప్రకటించాడు. థాయిలాండ్‌ది ఇంకో దారి. అక్కడ సైన్యం చేతిలో వందకు పైగా స్టేషన్లున్నాయి, చాలావాటిలో ప్రసార సమయాన్ని ప్రైవేటువాళ్లకు అద్దెకిస్తారు. పొలం కౌలుకిచ్చిన భూస్వామి లెక్క. ప్రజలకు పాటలు అందుతాయి, కాదనను. కానీ తిరుగుబాటు జరిగిన రోజున ఆ స్టేషన్లన్నీ ఒక్క గొంతుతో మాట్లాడతాయి.

మన దేశానికి వస్తే వ్యవహారం తలకిందులు. స్వాతంత్ర్యం వచ్చాక మన సైన్యం ప్రజల కోసం రేడియో పెట్టలేదు, ప్రజల రేడియోనే సైన్యం కోసం కార్యక్రమం పెట్టింది. వివిధభారతిలో సాయంత్రం జయమాల. ఫౌజీ సోదరులు కోరిన పాటలు. బ్యారక్‌లో ఎవరి పేరైనా చదివారంటే ఆ రోజు వాడు మెస్‌లో అందరికీ టీ పోయించాల్సిందే. నా పేరు ఒకసారి వచ్చింది, ఊరి పేరు తప్పు చదివారు. టీ మాత్రం తప్పలేదు.

ఇది మారింది ఈమధ్యనే. దాని వెనక 1995 ఫిబ్రవరి నాటి సుప్రీంకోర్టు తీర్పు ఉంది. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పిన ఆ ధర్మాసనంలో మన తెలుగువారు జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి గారు కూడా ఉన్నారు. తర్వాత 2006లో కేంద్రం కమ్యూనిటీ రేడియో విధానాన్ని విస్తరించింది. జహీరాబాద్ దగ్గర మాచునూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008లో మొదలైంది ఆ దారిలోనే. అదే దారిలో సైన్యం కూడా సరిహద్దు జిల్లాల్లో స్టేషన్లు పెట్టింది. ఉత్తర కశ్మీర్‌లోని సోపోర్‌లో రేడియో చినార్ 90.4, రాజౌరీలో రేడియో సంగమ్ 88.8, ఉత్తరాఖండ్ జ్యోతిర్మఠ్‌లో ఐబెక్స్ తరానా 88.4.

వీటి గురించి మీరు రాసేటప్పుడు రెండు సంగతులు మరవకండి. మొదటిది శక్తి. కమ్యూనిటీ రేడియోకు అనుమతి 100 వాట్లు, కిలోవాట్లు కాదు. ఏకల ముందు ఇది అగ్గిపుల్ల. పైగా ఎఫ్ఎం తరంగం కంటిచూపులా నేరుగా పోతుంది, కొండ అడ్డొస్తే ఆగిపోతుంది. బారాముల్లా లోయల్లో సెట్టు పట్టుకుని తిరిగినవాణ్ని, ఒక గట్టు దాటితే మా వైర్‌లెస్సే మూగబోయేది. కాబట్టి ఇవి ఒక లోయకు, కొన్ని ఊళ్లకు పనికొచ్చే రేడియోలు. మంచు ఎక్కడ పడింది, దారి తెరిచారా, సైన్యం భర్తీ ఎప్పుడు, ఊరి పిల్ల పాడిన పాట, ఇలాంటివి వినిపించడానికి సరిపోతాయి. రెండోది వార్తలు. మన దేశంలో కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు చదవకూడదు, ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నదున్నట్టు మళ్లీ వినిపించవచ్చు. కనుక నేను చెప్పిన రెండో పరీక్ష, తనకే ఇబ్బందైన వార్త చదవడం, వీటికి పెట్టే వీలే లేదు. ఇవి సైన్యానికీ ఊరికీ మధ్య చనువు పెంచే పని చేస్తాయి. ఆ చనువు విలువ అక్కడ కాపలా కాసినవాడిగా నాకు తెలుసు, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ వీటిని వార్తాసంస్థలుగా లెక్కవేసి పొగడటమూ తప్పే, తిట్టడమూ తప్పే.

కాంగోలో వేరేది చూశాను. గోమాలో మన బ్రిగేడ్ ఉన్నప్పుడు అక్కడి కూలీలు, డ్రైవర్లు అందరి చేతిలో చిన్న సెట్టు, అందులో రేడియో ఒకాపీ. ఐక్యరాజ్యసమితి శాంతిదళం ఒక స్విస్ సంస్థతో కలిసి 2002 ఫిబ్రవరిలో పెట్టింది. ఫ్రెంచితో పాటు స్వాహిలీ, లింగాలా వంటి నాలుగు స్థానిక భాషల్లో ప్రసారం చేస్తుంది. సైన్యం రేడియో కాదు, సైన్యం గొడుగు కింద పౌరులు నడిపేది. ఏ దారిలో నిన్న కాల్పులు జరిగాయో తెలుసుకోవడానికి మా డ్రైవర్ మా బులెటిన్‌కంటే దాన్నే ఎక్కువ నమ్మేవాడు. మొదట్లో కోపం వచ్చేది నాకు. తర్వాత నేనూ అతన్నే అడిగేవాణ్ని.

ఆపదలో రేడియో ఏం చేయాలో నాకు అర్థమైంది మాత్రం సొంత ఊళ్లోనే. 2009 అక్టోబరు 2. సెలవు మీద వచ్చి ఉన్నాను. తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి కర్నూలులోకి వచ్చేశాయి. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులైతే నీళ్లు 896 దాటాయి. కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు. మేడ మీద పదిహేనుమందిమి, పక్కింటి పెద్దాయన సెట్టు ఒక్కటి. ఒక స్టేషన్ దొరికింది, ఏదో చెప్పను, లక్షల క్యూసెక్కుల లెక్కలు ఓపికగా చదువుతోంది. కింద వరద నీళ్లు చూస్తున్నవాడికి క్యూసెక్కు ఎందుకు? ఏ వీధిలోకి పడవ వస్తుంది, తాగే నీళ్లు ఎక్కడ ఇస్తున్నారు, అది చెప్పు. ఆ రాత్రి ఎవరో చీకట్లో శ్రీశైలం డ్యామ్ తెగిందని అరిచారు. మేడల మీద ఏడుపులు. పెద్దాయన వేళ్లు వణుకుతూ మీడియం వేవ్ ముల్లు తిప్పుతుంటే, అరగంటకు ఒక మామూలు గొంతు, వేరే ఎక్కడినుంచో, ఆనకట్టకు ప్రమాదం లేదని చదివింది. వెంటనే ఏడుపులు ఆగాయి. ఆ గొంతును వాళ్లు నమ్మింది ఆ రాత్రి చెప్పినదానికి కాదు. అంతకుముందు ఎన్నో ఏళ్లుగా పొద్దున్నే ధరవరలు, వాతావరణం తప్పుల్లేకుండా చదివిన గొంతు కాబట్టి.

సైన్యం నడిపినా, ప్రభుత్వం నడిపినా, మాచునూరు అక్కలు నడిపినా ఈ లెక్క మారదనుకుంటున్నాను. మన రాయలసీమకు సైనిక రేడియో కావాలా అని మీ అధ్యాపకులు అడిగితే, అక్కర్లేదనే చెప్పండి. 1963 నుంచి కడపలో 900 కిలోహెర్ట్జ్ ఉంది, దాని పక్కన ప్రతి తాలూకాకు ఒక 100 వాట్ల గొంతు ఉంటే చాలు.

ఇక పని. ముందు మీ జేజినాయన్ను కూర్చోబెట్టి ఫోనులో రికార్డు చేయండి. సిలోన్ ఏ మీటర్ల మీద వచ్చేది, ఏ వేళకు, సెట్టు ఏ కంపెనీది, ఏరియల్ తీగ వేపచెట్టుకు కట్టారా, ఇంటి దూలానికా, లైసెన్సు పుస్తకం ఇంకా పెట్టెలో ఉందా, అన్నీ అడగండి. తేదీలు తప్పుగా చెప్పినా దిద్దకండి, చెప్పనివ్వండి. 25, 41 మీటర్లు అని ఆయన నోటినుంచి వస్తే నాకు ఒక మాట రాయండి. నా దగ్గర ఆ బ్యాండ్లున్న పాత మర్ఫీ సెట్టు ఒకటి పనిచేసే స్థితిలో ఉంది, ఆయన కర్నూలు వైపు వచ్చినప్పుడు చూపిస్తాను.